పాన్ ఠేలా మీద ఫిర్యాదు: మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల్లో ఎవరికి, ఏమని రాయాలి

"మా బడి దగ్గర గుట్కా, సిగరెట్లు, ఖర్రా అన్నీ అమ్ముతున్నారు, తగిన చర్య తీసుకోగలరు." సిరొంచలో ఇచ్చినా, రాజురాలో ఇచ్చినా, దెగ్లూర్‌లో ఇచ్చినా ఇలాంటి అర్జీ కదలడం కష్టం. గుట్కా ఆహార భద్రత చట్టం కిందికి వస్తుంది. సిగరెట్ కోట్పా అనే పొగాకు చట్టం కిందికి వస్తుంది. రోడ్డు మీది ఠేలా (బండి కొట్టు) నగర పరిషత్ (మునిసిపాలిటీ) పరిధి. మూడూ ఒక కాగితంలో కలిపితే ఏ ఆఫీసుకు వెళ్లినా "ఇందులో సగం మాది కాదు" అని పక్కన పెట్టడానికి దారి దొరుకుతుంది. అందుకే ఒక దుకాణం, ఒక తప్పు, ఒక ఆఫీసు అనే లెక్కన ఒక కాగితం రాయాలి. అదే ఠేలాలో మూడు తప్పులు కనిపిస్తే మూడు కాగితాలు. రాసే శ్రమ పెరుగుతుంది, కానీ తప్పించుకునే సందు ఉండదు.

కోట్పా అంటే 2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం. కాగితాల మీద, స్టేషన్లలో అందరూ వాడేది ఈ పొట్టి పేరే. మరాఠీలో సెక్షన్‌ను కలమ్ అంటారు. మీరూ అలాగే రాయండి.

బడి దగ్గర అమ్మకం: ముందు కొలవండి

కోట్పా కలమ్ 6లో రెండు భాగాలున్నాయి. మొదటిది 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదన్నది. రెండోది విద్యాసంస్థకు 100 గజాల లోపు అసలు ఎవరికీ అమ్మకూడదన్నది. రుజువు చేయడం తేలిక కనుక రెండోదాన్నే పట్టుకోండి. కొన్నది పెద్దవాడా పిల్లవాడా అన్న వాదన అక్కడ రాదు, దూరం ఒక్కటే చాలు.

100 గజాలంటే 91.44 మీటర్లు. నియమాల ప్రకారం దీన్ని విద్యాసంస్థ ప్రహరీ లేదా కంచె బయటి అంచు నుంచి అన్ని వైపులా వ్యాసార్థంగా కొలవాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. గేటు నుంచి రోడ్డు వెంట నడిచి లెక్కపెడితే 130 మీటర్లు వచ్చే ఠేలా, వెనక ప్రహరీ మూల నుంచి సూటిగా కొలిస్తే 60 మీటర్లలోనే ఉండవచ్చు. ఠేలాకు అతి దగ్గరగా ఉన్న ప్రహరీ మూల ఏదో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఉపగ్రహ చిత్రానికి మార్చండి. ఆ ప్రహరీ మూల మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది. కింద దూరం కొలిచే మీట నొక్కి, ఠేలా ఉన్న చోటుకు జరిపితే మీటర్లు కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 80 మీటర్ల లోపు వస్తే నిశ్చింతగా రాయవచ్చు. 85 నుంచి 95 మధ్య వస్తే ఫోన్ లెక్కను నమ్మవద్దు, ఎందుకంటే పిన్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పడుతుంది. 30 మీటర్ల టేపు తీసుకుని ఇద్దరు కలిసి కొలవండి. మధ్యలో ఇళ్లు అడ్డొచ్చి టేపు సూటిగా సాగకపోతే "అధికారుల సమక్షంలో కొలిపించండి" అని అర్జీలో అడగండి. మీ అంకె రెండు మీటర్లు తప్పిందని తేలితే మొత్తం ఫిర్యాదునే కొట్టేస్తారు. కొలవమని అడిగిన ఫిర్యాదును అలా కొట్టేయలేరు.

బడి, జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ, ఐటీఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలకు ఇది సందేహం లేకుండా వర్తిస్తుంది. ట్యూషన్ సెంటర్‌నో అంగన్‌వాడీనో ఆధారం చేసుకుంటే వాదన మొదలవుతుంది. దగ్గర్లో జిల్లా పరిషత్ శాళ (బడి) ఉంటే దాని పేరుతోనే రాయండి.

బడి గేటు దగ్గర పొగాకు అమ్మకం నిషేధమనే బోర్డు ఉందా? పొగాకు రహిత విద్యాసంస్థల కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 100 గజాల దగ్గర పసుపు గీత గీయాలి. గీత ఉంటే మీ పని సగం అయినట్టే, ఠేలా గీత లోపల ఉన్న ఫొటో ఒక్కటి చాలు. గీత లేకపోతే ముందు ముఖ్యాధ్యాపకుడిని కలిసి గీయించండి. ఆయన సంతకంతో వచ్చే అర్జీకి ఉండే బరువు వేరు. పైగా మీ పేరు ఒంటరిగా బయటపడదు.

కలమ్ 6 కింద జరిమానా 200 రూపాయల వరకే. ఆ మొత్తం ఠేలా యజమానికి ఒక పూట బేరం కూడా కాకపోవచ్చు. కట్టేసి సాయంత్రానికి మళ్లీ తెరిస్తే ఆశ్చర్యం లేదు. కనుక అదే రోజు నగర పరిషత్ ముఖ్యాధికారికి, పల్లె అయితే గ్రామ పంచాయత్‌కు, రోడ్డు ఆక్రమణ మీద వేరే కాగితం ఇవ్వండి. ఠేలా ఉన్న చోటు కదిలితేనే పిల్లలకు అది దూరమవుతుంది.

పిల్లల చేతికి ఇస్తే

18 ఏళ్లలోపు వారికి అమ్మకం నేరమని తెలిపే బోర్డు దుకాణంలో ఉండాలి. దాని కనీస కొలత 60 సెంటీమీటర్లకు 30. కొన్నవాడు మైనర్ కాదని చూపించాల్సిన బాధ్యత అమ్మినవాడిదే. మైనర్ చేత అమ్మించడమూ నిషేధమే. తండ్రి భోజనానికి వెళ్తే పన్నెండేళ్ల కొడుకు ఠేలాలో కూర్చున్నా అది ఉల్లంఘనే.

ఇంతకంటే బరువైనది బాల న్యాయ చట్టం, 2015. దాని కలమ్ 77 ప్రకారం పిల్లలకు పొగాకు ఉత్పత్తి ఇస్తే 7 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. అయితే 2021 సవరణ తర్వాత 3 నుంచి 7 ఏళ్ల శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు మెజిస్ట్రేట్ ఆదేశం లేకుండా దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్‌లో "ఎఫ్ఐఆర్ రాయలేం" అంటే దానికి కారణం ఇది కావచ్చు, గొడవ పడవద్దు. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేసి, జిల్లా బాల కల్యాణ సమితికి రాతపూర్వకంగా ఇవ్వండి.

రుజువు కోసం పిల్లవాడి చేతికి డబ్బులిచ్చి కొనుక్కురమ్మని ఎప్పుడూ పంపవద్దు. అది తప్పు, చట్టం మీ మీదికే తిరగవచ్చు. పిల్లల ముఖాలు ఫొటోలో పడనివ్వకండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, బడి యూనిఫాంలో ఎందరు కొన్నారో రాసుకుంటే చాలు. ఇంటర్వెల్ సమయం, బడి వదిలాక మొదటి అరగంట చూడండి. మూడు రోజుల చిట్టా ఒక ఫొటో కంటే బలంగా నిలుస్తుంది.

గుట్కా, ఖర్రా

మహారాష్ట్రలో గుట్కా, పాన్ మసాలా నిషేధం 2012 జులైలో మొదలైంది. ఆహార భద్రత కమిషనర్ ఉత్తర్వు ఒక్కోసారి ఏడాదికి మించి ఉండదు కాబట్టి దాన్ని ఏటా పొడిగిస్తూ వస్తున్నారు. ఫిర్యాదులో పాత ఉత్తర్వు తేదీ వేస్తే ఇబ్బంది. తేదీ తెలియకపోతే "అమల్లో ఉన్న నిషేధ ఉత్తర్వు ప్రకారం" అని రాయండి.

పొగాకు లేని పాన్ మసాలా, సుగంధ సుపారీ (వక్క), సుగంధ తంబాఖూ (పొగాకు) కూడా ఈ నిషేధంలోకి వస్తాయని చాలామందికి తెలియదు. ఒక పొట్లంలో మసాలా, ఇంకో పొట్లంలో పొగాకు విడివిడిగా ఇచ్చి, "కలుపుకునేది మీరే" అనడం దుకాణదారుల పాత ఎత్తుగడ. ఇక్కడ మసాలా పొట్లం కూడా నిషేధమే కనుక ఆ ఎత్తు పారదు. రెండు పొట్లాలూ కలిపి ఇస్తున్నారని తప్పక రాయండి.

ఇక ఖర్రా. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో ఇది గుట్కా కంటే లోతుగా పాతుకుపోయింది. సుపారీ ముక్కలు, తంబాఖూ, సున్నం దళసరి ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేత్తో గట్టిగా రుద్ది, చిన్న ప్లాస్టిక్ ముక్కలో చుట్టి ఇస్తారు. పేరు ఉండదు, ముద్ర ఉండదు, ఎక్కడ తయారైందన్నది ఉండదు. అందువల్ల "హెచ్చరిక బొమ్మ లేదు" అనే కలమ్ 7 ఫిర్యాదు దీనికి సరిగ్గా అతకదు. దారి వేరే ఉంది. నిషేధ ఉత్తర్వుల్లో ఖర్రా పేరుతో సహా ఉంది, అందులో కలిపేది ఎక్కువగా డబ్బాల్లో వచ్చే సుగంధ తంబాఖూ. డబ్బా ఠేలాలో కనబడితే దాని మీది పేరు రాసుకోండి. అధికారికి కావలసిన పట్టు ఆ డబ్బాలోనే ఉంది.

ఈ ఫిర్యాదు వెళ్లాల్సింది అన్న వ ఔషధ ప్రశాసన్‌కు (ఆహార, ఔషధ శాఖ), అందరూ ఎఫ్‌డీఏ అనే ఆఫీసుకు. జిల్లా కేంద్రంలో సహాయక్ ఆయుక్త (అసిస్టెంట్ కమిషనర్) పేరున రాయాలి. టోల్ ఫ్రీ నంబరు 1800-222-365. మీరు కొని తీసుకెళ్లిన పొట్లం కోర్టులో నమూనాగా నిలబడదు. ఆహార భద్రత అధికారి వచ్చి, పంచనామా చేసి, నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేసినదే లెక్కలోకి వస్తుంది. కాబట్టి గుట్కా కొని ఇంట్లో దాచవద్దు. సరుకు ఎక్కడ ఉంది, ఏ వేళకు దిగుతుంది అన్న సమాచారమే మీరు ఇవ్వగలిగిన విలువైన వస్తువు. ఠేలాలో పది పొట్లాలు వేలాడుతుంటాయి, బస్తాలు వెనక ఇంట్లో ఉంటాయి. ఆఠవడీ బజార్ (వారపు సంత) ముందురోజు సాయంత్రం సరుకు దిగుతుంటే ఆ మాట రాయండి. సిరొంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. అధికారి అంత దూరం నుంచి ఒట్టి చేతులతో తిరిగి వెళ్లకూడదంటే వారం, గంట తెలియాలి.

బోర్డులు, పెట్టెలు, విడి సిగరెట్లు

కలమ్ 5 ప్రకటనల గురించినది. దుకాణం బోర్డు 60 సెంటీమీటర్లకు 45 మించకూడదు. ఇక్కడ దొరికే పొగాకు రకాలు మాత్రమే రాయాలి, బ్రాండ్ పేరు, పెట్టె బొమ్మ, ఊరించే మాట ఏవీ ఉండకూడదు. వెనక లైటు వెలగకూడదు. పొగాకు క్యాన్సర్ తెస్తుందనో, ప్రాణం తీస్తుందనో భారతీయ భాషలో 20కి 15 సెంటీమీటర్ల హెచ్చరిక, తెలుపు మీద నలుపు అక్షరాల్లో ఉండాలి. ఈ నియమాలపై ఏళ్ల తరబడి నడిచిన స్టేను సుప్రీంకోర్టు 2013 జులైలో తొలగించింది. రాత్రి మెరిసే బ్రాండ్ బోర్డు కనబడితే ఒక ఫొటో పగలు, ఒకటి రాత్రి తీయండి. వెనక లైటు పగటి ఫొటోలో కనిపించదు. మొదటిసారి నేరం రుజువైతే 2 ఏళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 200 రూపాయలు కట్టి వెళ్లిపోయే తప్పు కాదు. చిల్లర అమ్మకం కంటే బోర్డు మీది ఫిర్యాదుకే దుకాణదారు ఎక్కువ జంకాలి.

ఇలాచీ, సోడా పేరుతో గుట్కా బ్రాండ్‌ను గుర్తుచేసే ప్రకటన టీవీలోనో ఫోన్‌లోనో వస్తే స్థానిక ఆఫీసులు ఏమీ చేయలేవు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. ప్రకటన వచ్చిన చానల్, తేదీ, గంట చెప్పాలి.

పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర బొమ్మ, హెచ్చరిక ఉండాలన్నది 2016 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బొమ్మ అసలే లేని విదేశీ సిగరెట్ పెట్టె కనబడితే ముందు, వెనక, పక్కలు అన్నీ ఫొటో తీసి కలమ్ 7 కింద రాయండి. విడి సిగరెట్, విడి బీడీ అమ్మకాన్ని మహారాష్ట్ర 2020 సెప్టెంబరు 24న నిషేధించింది. పెట్టె మీది బొమ్మ కంటపడకుండా, జేబులో ఉన్న చిల్లరతో పిల్లలు మొదలుపెట్టేది ఈ విడి సిగరెట్‌తోనే. అయినా ఫిర్యాదుల్లో జనం దీన్నే ఎక్కువగా మరచిపోతారు.

ఈ-సిగరెట్‌కు వేరే చట్టం, 2019 నాటిది. వయసుతో పనిలేదు, అమ్మకం పూర్తిగా నిషేధం. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. దీన్ని నేరుగా పోలీసులకు చెప్పవచ్చు.

ఫొటో, కాగితం

మూడు ఫొటోలు చాలు. దూరం నుంచి ఒకటి, అందులో బడి ప్రహరీ, ఠేలా రెండూ పడాలి. దగ్గర నుంచి ఒకటి, సరుకు కనిపించాలి. పక్కన ఉన్న గుర్తుతో ఇంకోటి, గుడి, బస్ స్టాప్, కరెంటు స్తంభం నంబరు, ఏదైనా. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తేదీ, స్థలం వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైల్ చెరపవద్దు. యజమానితో వాదనకు దిగవద్దు. మీరు గట్టిగా మాట్లాడిన గంటలో సరుకు మాయమవుతుంది, మీరెవరో ఊరంతా తెలుస్తుంది.

అర్జీ మరాఠీలో ఉంటే వేగం. తెలుగులో ఆలోచించి, మరాఠీ బడిలో చదివే పిల్లల చేత దేవనాగరిలో రాయించుకోవచ్చు. విషయం వరుస ఇలా ఉండాలి: "శాళేచ్యా 100 యార్డ్ పరిసరాత్ తంబాఖూ విక్రీ, కోట్పా 2003, కలమ్ 6 బ నుసార్ కారవాయీబాబత్." అంటే బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకంపై కలమ్ 6 బ ప్రకారం చర్య గురించి. కింద ఐదు సంగతులు: దుకాణం ఎక్కడ, ఏ విద్యాసంస్థ, ఎంత దూరం, ఏ తేదీల్లో ఏ వేళకు చూశారు, ఏ వస్తువులు. యజమాని పేరు తెలియకపోతే ఊహించి రాయవద్దు. "మాఫియా", "పోలీసుల అండతో" లాంటి మాటలు వద్దు, అవి రుజువు చేయాల్సిన కొత్త బరువును మీ నెత్తిన పెడతాయి. చివర "మాఝే నావ్ గోపనీయ ఠేవావే, హీ వినంతీ" (నా పేరు గోప్యంగా ఉంచాలని మనవి) అని చేర్చండి. ఒక పేజీ దాటనివ్వకండి.

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఆవక్ జావక్ విభాగంలో (కాగితాల రాకపోకలు నమోదు చేసే చోట) ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. దీన్నే పోచ్ అంటారు. "తర్వాత రండి" అంటే "అర్జాచీ పోచ్ ద్యావీ" (అర్జీకి పోచ్ ఇవ్వండి) అని మర్యాదగా మళ్లీ అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పోచ్ లేని అర్జీకి మీ దగ్గర ఏ ఆధారమూ మిగలదు.

పొగాకు పెట్టెల మీద ఉండే 1800-11-2356 మానేయాలనుకునే వారికి సాయం చేసే నంబరు. ఫిర్యాదు కోసం దానికి ఫోన్ చేసి సమయం పోగొట్టుకోవద్దు. ఇంట్లో ఎవరైనా మానేయాలనుకుంటే మాత్రం దాన్ని గోడ మీద రాసిపెట్టండి.

సరిహద్దు చిక్కులు

అమ్మకం జరిగిన చోటే ఫిర్యాదు. మీరు కిన్వట్‌లో ఉంటున్నా సరుకు ఆదిలాబాద్‌లో కొన్నదైతే ఆదిలాబాద్‌లోనే చెప్పాలి. గోదావరి అవతలి గిడ్డంగి నుంచి సిరొంచకు సరుకు వస్తుంటే రెండు కాగితాలు: అమ్మే ఠేలా మీద ఇక్కడ, గిడ్డంగి మీద అక్కడి పోలీసులకు. నిషేధ ఉత్తర్వుల మాటలు రెండు రాష్ట్రాల్లో ఒకేలా ఉండవు కాబట్టి ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసి రెండు చోట్లా ఇవ్వవద్దు.

నది ఒడ్డు ఊళ్లలో ఫోన్ అవతలి రాష్ట్రం టవర్‌ను పట్టుకుంటుంది. అప్పుడు 112కు చేసిన ఫోన్ అక్కడి కంట్రోల్ రూమ్‌కు వెళ్లవచ్చు. ఎత్తగానే రాష్ట్రం, జిల్లా, తాలూకా చెప్పండి, తర్వాతే విషయం. జివతి తాలూకాలో రెండు రాష్ట్రాలూ తమవే అంటున్న 14 ఊళ్లలో ఉండేవారు జివతికి, తెలంగాణ వైపు కెరమెరికి రెండు చోట్లా ఇచ్చి, ఒకదానిలో ఇంకోచోట ఇచ్చిన సంగతి రాయండి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

జవాబు రాకపోతే

పదిహేను రోజులు ఆగండి. తర్వాత జిల్లా తంబాఖూ నియంత్రణ్ కక్షకు పోచ్ నకలు జతచేసి పంపండి. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా ఆరోగ్య శాఖలో నడిచే విభాగం అది. జరిమానా వేయించే దాడులను పోలీసులతో, ఎఫ్‌డీఏతో కలిపి నడిపించగలిగేది కూడా అదే. అక్కడా కదలకపోతే లోక్‌శాహీ దిన్, అంటే అధికారులు జనం అర్జీలు వినే రోజు. తాలూకా స్థాయిలో నెలలో మూడో సోమవారం, జిల్లా స్థాయిలో కలెక్టర్ దగ్గర మొదటి సోమవారం జరుగుతుంది. జిల్లా స్థాయికి అర్జీ 15 రోజుల ముందే చేరాలి. ఇంటి నుంచే పంపాలంటే ఆపలే సర్కార్ అనే రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది, అది ఇచ్చే టోకెన్ నంబరు రాసిపెట్టుకోండి.

చివరి సాధనం సమాచార హక్కు అర్జీ. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. మహారాష్ట్ర నియమాల ప్రకారం ఒకే విషయం, 150 మాటలు మించకుండా, మరాఠీ, హిందీ లేదా ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో రాస్తే తిప్పి పంపుతారు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడగవద్దు, ఎందుకన్న ప్రశ్నకు సమాచారం లేదనే జవాబు వస్తుంది. "ఫలానా తేదీన, ఫలానా ఆవక్ నంబరుతో అందిన అర్జీపై జరిగిన చర్య నకలు, ఈ స్టేషన్ పరిధిలో గత 12 నెలల్లో కలమ్ 6 కింద నమోదైన కేసుల సంఖ్య, వసూలైన జరిమానా మొత్తం" అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే 20 రూపాయల స్టాంపుతో మొదటి అప్పీలు.

దాడి జరిగినా పని పూర్తయిందనుకోవద్దు. వారం తర్వాత, నెల తర్వాత అదే వేళకు మళ్లీ చూడండి. ఠేలా ఇంకో సందులోకి మారి ఉంటే ఆ చోటు నుంచి ప్రహరీ దాకా కొత్తగా కొలిచి, పాత ఆవక్ నంబరు పైన వేసి, కొత్త కాగితం ఇవ్వండి.